రిపోర్టులో పలుచన, రక్తనాళంలో గడ్డ

ఒక ల్యాబ్ రిపోర్టు మీ చేతిలో ఉందనుకోండి. అందులో ఏపీటీటీ అనే పరీక్షకి ఎదురుగా 60 సెకన్లు అని ఉంది. చాలా ల్యాబుల్లో ఇది 40 సెకన్ల లోపే ఉండాలి. అంటే ఈ రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే చాలా ఎక్కువసేపు పడుతోంది. ఈ కాగితం ఒక్కటే చూసినవాళ్లు ఎవరైనా ఏమంటారు? 'దెబ్బ తగిలితే రక్తం ఆగదేమో, జాగ్రత్త' అంటారు. కానీ ఆ రక్తం ఇచ్చిన మనిషి ఎడమ పిక్క వాచిపోయి, అడుగు తీసి అడుగు వేయలేకుండా ఉన్నారు. స్కానింగ్‌లో లోపలి సిరలో తొడ దాకా గడ్డ కనిపించింది.

రెండు రిపోర్టులూ నిజమే. గాజు గొట్టంలో ఆలస్యంగా గడ్డకట్టే రక్తమే ఒంట్లో అక్కర్లేని చోట గడ్డకడుతోంది. ఈ చిక్కుముడి పేరు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, పొట్టిగా ఏపీఎస్. మన రోగనిరోధక వ్యవస్థ మన మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బుల్లో ఇది ఒకటి. దీనికి దగ్గరి చుట్టాల్లాంటి జబ్బులు ఇంకొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికీ వస్తాను. ముందుగా ఒక్క మాట: 'బ్లడ్ క్లాట్' అని తేలితే సగం పనే అయినట్టు. ఎందుకు కట్టింది అన్నది మిగతా సగం. ఏ మందు వాడాలి, ఎన్నాళ్లు వాడాలి, ఏ మందు వాడితే ప్రమాదం అన్నవన్నీ ఆ రెండో సగం మీదే ఆధారపడి ఉంటాయి. చాలామంది విషయంలో ఆ రెండో ప్రశ్న ఎవరూ అడగకుండానే ఉండిపోతుంది. ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించింది అందుకే.

గడ్డ ఉందో లేదో తేల్చడం

రక్తం గడ్డకట్టడం జబ్బు కాదు. అది లేకపోతే చిన్న గాయానికే ప్రాణం పోతుంది. గాయం లేని చోట, రక్తం పారాల్సిన దారిలో కట్టినప్పుడే అది జబ్బవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో 19వ శతాబ్దం మధ్యలోనే జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పరిశోధించాడు. కాళ్లలో కట్టిన గడ్డ తెగి, రక్తంతో పాటు కొట్టుకొచ్చి, ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుందని చూపించింది ఆయనే. రక్తం నిలవ ఉండటం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం అనే మూడు కారణాలను ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటున్నాం.

పిక్క నొప్పి అనగానే అందరికీ స్కానింగ్ చేయరు. ముందు డాక్టరు ఒక లెక్క వేస్తారు. కెనడాలో ఫిలిప్ వెల్స్ బృందం 1990లలో రూపొందించిన వెల్స్ స్కోరు బాగా వాడుకలో ఉంది. క్యాన్సర్ ఉందా, ఈమధ్య మంచాన పడ్డారా, ఒక పిక్క రెండోదాని కంటే 3 సెంటీమీటర్లకు మించి లావుగా ఉందా, ఇది గడ్డ కాకుండా వేరే ఏదైనా అయ్యే అవకాశం అంతే ఉందా, ఇలాంటి ప్రశ్నలకు మార్కులు ఉంటాయి. అనుమానం తక్కువగా ఉంటే డి-డైమర్ చేస్తారు. ఎక్కువగా ఉంటే నేరుగా కాలికి అల్ట్రాసౌండ్, ఊపిరితిత్తులకైతే సీటీ యాంజియోగ్రామ్.

డి-డైమర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దీన్ని చూసి అనవసరంగా టెన్షన్ పడేవాళ్లు చాలామంది. గడ్డలో ఉండే ఫైబ్రిన్ అనే దారాల వల కరిగేటప్పుడు రాలే ముక్కే డి-డైమర్. అది పెరిగితే ఒంట్లో ఎక్కడో గడ్డకట్టడం, కరగడం జరుగుతోందని అర్థం. అంతకు మించి అది ఏమీ చెప్పదు. గర్భంతో ఉన్నా, ఇన్ఫెక్షన్ వచ్చినా, ఆపరేషన్ అయినా, వయసు పైబడినా పెరుగుతుంది. దాని అసలు బలం వేరే ఉంది: అనుమానం తక్కువగా ఉన్న మనిషిలో డి-డైమర్ మామూలుగా ఉంటే ప్రమాదకరమైన గడ్డ లేదని ధైర్యంగా చెప్పొచ్చు. 'లేదు' అని చెప్పడానికి పనికొచ్చే పరీక్షే గానీ, 'ఉంది' అని తేల్చడానికి కాదు.

సాధారణంగా హద్దు మిల్లీలీటరుకి 500 నానోగ్రాముల దగ్గర పెడతారు. పెద్ద వయసువాళ్లలో ఇది ఊరికే దాటుతుంది కాబట్టి, 50 ఏళ్లు దాటినవారికి వయసుని 10తో గుణించి హద్దుగా తీసుకోవచ్చని 2014లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపించింది. 72 ఏళ్ల మనిషికి 720 అన్నమాట. దీనివల్ల ఎంతోమంది వృద్ధులకు అనవసరమైన సీటీ స్కాన్ తప్పింది. ఒక చిన్న జాగ్రత్త: కొన్ని ల్యాబులు ఎఫ్ఈయూ అనే కొలతలో ఇస్తాయి, కొన్ని డీడీయూలో. మొదటిదాంట్లో 500 అంటే రెండోదాంట్లో సుమారు 250. రెండు ల్యాబుల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చే ముందు ఇది చూసుకోవాలి.

ఎందుకు కట్టింది?

తుంటి ఆపరేషన్ తర్వాత వారానికి కాలిలో గడ్డ వచ్చిందంటే కారణం కళ్ల ముందే ఉంది. మూడు నెలలు రక్తాన్ని పలుచన చేసే మందు వాడి ఆపేయడం మామూలు పద్ధతి. ఏ కారణమూ లేకుండా వస్తేనే కథ మారుతుంది. అలాంటివారిలో మందు ఆపాక మొదటి ఏడాదిలో సుమారు 10 శాతం మందికి, ఐదేళ్లలో 25 శాతం మందికి, పదేళ్లలో 36 శాతం మందికి మళ్లీ గడ్డ వచ్చిందని, ఎన్నో అధ్యయనాలను కలిపి లెక్కకట్టిన ఒక విశ్లేషణ 2019లో తేల్చింది. అందుకే కారణం కనపడనివారిలో మందు కొనసాగించే ఆలోచన చేస్తారు.

ఈ కారణం కనపడనివారిలోనే ఆటోఇమ్యూన్ జబ్బు దాక్కుని ఉండొచ్చు. చిన్న వయసులో పక్షవాతం రావడం, మెదడు సిరల్లోనో కడుపులోని సిరల్లోనో గడ్డకట్టడం, సిరల్లోనూ ధమనుల్లోనూ రెండింటిలోనూ గడ్డలు రావడం, పదే పదే గర్భం పోవడం, అప్పటికే లూపస్ అనే మరో ఆటోఇమ్యూన్ జబ్బు ఉండటం, చర్మం మీద ఊదారంగు వలలా మచ్చలు తేలడం, ప్లేట్‌లెట్లు కాస్త తగ్గి ఉండటం, ఏపీటీటీ కారణం లేకుండా పెరగడం. వీటిలో ఏది కనిపించినా యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల కోసం, అంటే ఈ జబ్బులో మన రోగనిరోధక వ్యవస్థ పొరపాటున తయారుచేసే ప్రోటీన్ల కోసం వెతకాలి. అలాగని గడ్డ వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్షలు చేయించడం మంచిది కాదని నా అభిప్రాయం. ఆరోగ్యవంతుల్లో కూడా కొద్ది శాతం మందిలో ఈ యాంటీబాడీలు తక్కువ మోతాదులో కనిపిస్తాయి. అవసరం లేనిచోట వెతికితే లేని జబ్బు మెడకు చుట్టుకుంటుంది.

సిఫిలిస్ పరీక్షలో దొరికిన ఆధారం

ఈ జబ్బు ఎలా బయటపడిందో తెలిస్తే ఇప్పటి పరీక్షలు ఎందుకంత గజిబిజిగా ఉంటాయో అర్థమవుతుంది. 1906లో జర్మనీలో ఆగస్ట్ వాసర్‌మన్ బృందం సిఫిలిస్‌ని గుర్తించే రక్తపరీక్ష కనిపెట్టింది. ఆ పరీక్షకి సిఫిలిస్ క్రిమే అక్కర్లేదని, ఆరోగ్యంగా ఉన్న పశువు గుండె నుంచి తీసిన సారంతో కూడా పని జరుగుతుందని కొన్నాళ్లకు తెలిసింది. ఆ సారంలో పనిచేసే పదార్థాన్ని 1941లో మేరీ పాంగ్‌బోర్న్ అనే అమెరికన్ శాస్త్రవేత్త విడదీసింది. గుండె నుంచి వచ్చింది కాబట్టి కార్డియోలిపిన్ అని పేరు. అది ఫాస్ఫోలిపిడ్ అనే కొవ్వు జాతిది.

ఈ పరీక్షని లక్షల మందికి చేసే సరికి ఒక వింత బయటపడింది. సిఫిలిస్ ఏమాత్రం లేనివాళ్లకి కూడా పాజిటివ్ వస్తోంది. ఆ రోజుల్లో అలాంటి రిపోర్టు చేతికొస్తే ఆ మనిషి పరువు, పెళ్లి, కాపురం ఏమయ్యేవో ఊహించడం కష్టం కాదు. ఈ తప్పుడు పాజిటివ్‌లు రెండు రకాలని మూర్, మోర్ అనే వైద్యులు 1952లో చెప్పారు. ఏదో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కొన్నాళ్లు కనిపించి పోయేవి ఒక రకం. ఏళ్ల తరబడి ఉండిపోయేవి రెండో రకం. రెండో రకం వాళ్లలో చాలామందికి లూపస్ లాంటి జబ్బులు బయటపడ్డాయి. తాత్కాలికం, శాశ్వతం అనే ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, ఇప్పటికీ రోగనిర్ధారణ దాని మీదే నడుస్తోంది.

అదే 1952లో కాన్లీ, హార్ట్‌మన్ అనే ఇద్దరు లూపస్ రోగుల రక్తంలో గడ్డకట్టడాన్ని ఆలస్యం చేసే ఏదో పదార్థం ఉందని గమనించారు. 1972లో దానికి 'లూపస్ యాంటీకోయాగ్యులెంట్' అని పేరు పెట్టారు. యాంటీకోయాగ్యులెంట్ అంటే గడ్డకట్టకుండా అడ్డుపడేది. వైద్యంలో ఇంతగా తప్పుదారి పట్టించే పేరు మరొకటి ఉంటుందా అనిపిస్తుంది నాకు. ఇది ఉన్నవాళ్లలో చాలామందికి లూపస్ ఉండదు, ఒంట్లో అది గడ్డకట్టకుండా అడ్డుపడదు, గడ్డలు కట్టిస్తుంది. ఆ పేరు చూసి 'రక్తం పలుచబడే జబ్బేమో' అని భయపడిన కుటుంబాలకి దాన్ని విడమరిచి చెప్పాల్సిన బాధ్యత చికిత్స చేసేవాళ్ల మీద ఉంది.

ఈ ముక్కలన్నీ ఒకచోట చేర్చింది లండన్‌లో గ్రాహమ్ హ్యూస్ బృందం, 1983లో. గడ్డలు, గర్భస్రావాలు, నరాల సమస్యలు, ఈ యాంటీబాడీలు అన్నీ ఒకే జబ్బు ముఖాలని వాళ్లు చెప్పారు. అదే ఏడాది కార్డియోలిపిన్ యాంటీబాడీలను కొలిచే పరీక్ష కూడా వాళ్ల నుంచే వచ్చింది. అందుకే దీన్ని హ్యూస్ సిండ్రోమ్ అని కూడా అంటారు. 1990లో మరో మలుపు. ఈ యాంటీబాడీలు నిజానికి పట్టుకునేది కొవ్వుని కాదని, ఆ కొవ్వుకి అంటుకునే బీటా-2 గ్లైకోప్రోటీన్-1 అనే ప్రోటీన్‌నని మూడు పరిశోధక బృందాలు వేరువేరుగా కనుక్కున్నాయి.

గొట్టంలో ఒకటి, ఒంట్లో ఒకటి

ఇప్పుడు మొదటి రిపోర్టుకి జవాబు చెప్పుకోవచ్చు. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి పనిచేయాలంటే వాటికి నిలబడే వేదిక కావాలి. ఆ వేదిక ఫాస్ఫోలిపిడ్ పొర. ఒంట్లో ప్లేట్‌లెట్ల మీదా దెబ్బతిన్న కణాల మీదా అది దొరుకుతుంది. ల్యాబ్‌లో ప్లేట్‌లెట్లు తీసేసిన ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, కొద్దిగా ఫాస్ఫోలిపిడ్ కలుపుతారు. ఈ యాంటీబాడీలు బీటా-2 గ్లైకోప్రోటీన్-1తో కలిసి వెళ్లి, ఉన్న కాస్త వేదికనీ ఆక్రమించి కూర్చుంటాయి. గడ్డకట్టే ప్రోటీన్లకు చోటు దొరకదు. గడియారంలో సెకన్లు పెరుగుతాయి. అంతే జరిగింది ఆ గొట్టంలో.

ఒంట్లో ఫాస్ఫోలిపిడ్‌కి కరువు లేదు. పైగా అక్కడ బతికున్న కణాలు ఉన్నాయి. యాంటీబాడీలు రక్తనాళాల లోపలి పొర మీదా, ప్లేట్‌లెట్ల మీదా, తెల్లకణాల మీదా వాలి వాటిని రెచ్చగొడతాయి. నున్నగా ఉండాల్సిన లోపలి పొర జిగురెక్కుతుంది. టిష్యూ ఫ్యాక్టర్ అనే, గడ్డకట్టడానికి మొదటి నిప్పురవ్వ లాంటి పదార్థం బయటికి వస్తుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు తమలోని డీఎన్ఏని వలలా బయటికి విసురుతాయి. క్రిములను పట్టడానికి ఇవి ఇలాంటి వలలు విసురుతాయని 2004లో కనుక్కున్నారు. ఏపీఎస్‌లో క్రిములు లేకుండానే ఈ వలలు పడతాయని, వాటిలో గడ్డలు పేరుకుంటాయని గత పదిపదిహేనేళ్ల పరిశోధన చెబుతోంది. కాంప్లిమెంట్ అనే మరో రక్షణ దళం కూడా ఇందులో చేరుతుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి.

మరి యాంటీబాడీలు ఒంట్లో ఎప్పుడూ ఉంటే గడ్డలు ఎప్పుడూ ఎందుకు రావు? పరిశోధకులు దీన్ని రెండు దెబ్బల సిద్ధాంతంతో వివరిస్తారు. యాంటీబాడీ ఉండటం మొదటి దెబ్బ. ఇన్ఫెక్షన్, ఆపరేషన్, కాన్పు, పొగతాగడం, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లాంటివి రెండో దెబ్బ. మొదటిది మన చేతిలో లేదు. రెండోదాంట్లో చాలా భాగం మన చేతిలోనే ఉంది.

మూడు పరీక్షలు, పన్నెండు వారాలు

ఏపీఎస్‌ని తేల్చడానికి మూడు పరీక్షలు కలిపి చేస్తారు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ యాంటీబాడీలు, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు. తర్వాతి రెండూ యాంటీబాడీల మోతాదుని కొలిచేవి. మొదటిది కొలత కాదు, ప్రవర్తనని చూసే పరీక్ష. దాన్ని ఏపీటీటీ ఆధారంగా ఒకసారి, రక్తపింజర విషంతో మరోసారి చేస్తారు. ఆ విషం గడ్డకట్టే క్రమంలో ముందు మెట్లన్నీ దాటేసి నేరుగా పదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ని రగిలిస్తుంది. కాటు వేస్తే మనిషి రక్తంలో గడ్డకట్టే సరుకంతా ఖర్చయిపోయి చివరికి రక్తం ఆగకుండా కారేది ఇందువల్లే. ల్యాబ్‌లో దాన్ని బాగా పలుచన చేసి, తక్కువ ఫాస్ఫోలిపిడ్‌తో ప్లాస్మాలో కలుపుతారు. గడ్డకట్టడం ఆలస్యమైతే, మామూలు మనిషి ప్లాస్మా కలిపి చూస్తారు. గడ్డకట్టే ప్రోటీన్ ఏదో తక్కువైతే దీంతో లోటు తీరి సమయం సరైపోతుంది. యాంటీబాడీ అడ్డుపడుతుంటే సరికాదు. ఆ తర్వాత ఫాస్ఫోలిపిడ్ ఎక్కువగా పోస్తారు. అప్పుడు సమయం తగ్గితే దొంగ దొరికినట్టే.

ఈ పరీక్ష పాడవడానికి దారులు బోలెడు. తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ మెషీన్‌లో రెండుసార్లు వేగంగా తిప్పి ప్లేట్‌లెట్లు పూర్తిగా తీసేయకపోతే, మిగిలిన ప్లేట్‌లెట్లే ఫాస్ఫోలిపిడ్ సరఫరా చేసి జబ్బుని దాచేస్తాయి. రక్తాన్ని పలుచన చేసే రివరోక్సాబాన్ లాంటి మందులు వాడుతున్నప్పుడు చేస్తే జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. ఒంట్లో వాపు, జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు సీఆర్‌పీ అనే ప్రోటీన్ పెరిగి ఏపీటీటీ ఆధారంగా చేసే పరీక్షని తప్పు దారి పట్టిస్తుంది. కాబట్టి రక్తం ఇచ్చేటప్పుడు ఏ మందు వాడుతున్నారో, చివరి మోతాదు ఎప్పుడు వేసుకున్నారో ల్యాబ్‌కి తప్పకుండా చెప్పాలి. అలాగని ఈ పరీక్ష కోసం మందుని మీ అంతట మీరు ఆపకండి. ఆపాలా వద్దా అనేది డాక్టరే చెప్పాలి.

ఒకసారి పాజిటివ్ వస్తే చాలదు. కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేయాలి. ఇన్ఫెక్షన్‌తో వచ్చే తాత్కాలిక యాంటీబాడీలు ఈలోపు మాయమవుతాయి. ఏపీఎస్ ముద్ర పడితే జీవితాంతం మందు వాడాల్సి రావచ్చు. అంత పెద్ద నిర్ణయం ఒక్క కాగితం మీద తీసుకోకూడదు. రెండోసారి పరీక్ష చేయించుకోకుండానే ఏళ్ల తరబడి మందు వాడుతున్నవాళ్లూ, ఒకసారి నెగెటివ్ వచ్చిందని అసలు జబ్బు పక్కన పెట్టేసినవాళ్లూ ఉంటారు. ఇద్దరికీ జరిగింది అన్యాయమే.

మూడు పరీక్షలూ పాజిటివ్ వచ్చినవారిని ట్రిపుల్ పాజిటివ్ అంటారు. గడ్డల ప్రమాదం అందరికంటే వీరిలోనే ఎక్కువ. ఒక్కో పరీక్ష విడిగా తీసుకుంటే లూపస్ యాంటీకోయాగ్యులెంట్ బలమైన హెచ్చరిక. ఐజీఎమ్ రకం యాంటీబాడీ ఒక్కటే కొద్దిగా పెరిగితే దాని విలువ తక్కువ.

2023లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి కొత్త ప్రమాణాలు తెచ్చాయి. అంతకు ముందు 2006లో వచ్చిన సిడ్నీ ప్రమాణాలు వాడేవారు. కొత్త పద్ధతిలో దేనికెంత బరువో మార్కులు వేస్తారు. లక్షణాల వైపు కనీసం 3, రక్తపరీక్షల వైపు కనీసం 3 రావాలి. ఐజీఎమ్ ఒక్కటే ఎంత పెరిగినా దక్కేది 1 మార్కే. క్యాన్సర్, పెద్ద ఆపరేషన్ లాంటి బలమైన వేరే కారణం ఉండగా సిరలో వచ్చిన గడ్డకీ 1 మార్కే, కారణం లేకుండా వస్తే 3. దీంతో జబ్బు లేనివారిని లేదని సరిగ్గా చెప్పే శక్తి 86 నుంచి 99 శాతానికి పెరిగింది. కానీ జబ్బు ఉన్నవారిని పట్టుకునే శక్తి 99 నుంచి 84 శాతానికి తగ్గింది. ఈ రెండో అంకె చాలా ముఖ్యం. ఈ ప్రమాణాలు పరిశోధనల్లో ఒకేలాంటి రోగులను ఎంచుకోవడానికి తయారైనవి. వీటిలో మార్కులు రాలేదని మీ ముందున్న రోగికి జబ్బు లేదని అనడం తప్పు.

ఏ మందు, ఎంతకాలం

రక్తాన్ని పలుచన చేసే కొత్త మాత్రలు ఎంతోమంది జీవితాన్ని సులువు చేశాయి. తరచూ రక్తపరీక్ష అక్కర్లేదు, తిండి విషయంలో పట్టింపు లేదు. మామూలు గడ్డలకి ఇప్పుడు మొదటి ఎంపిక అవే. ఏపీఎస్‌లో కూడా అవే వాడితే పోలేదా? ఇటలీలో ఈ ప్రశ్నని సూటిగా పరీక్షించారు. ట్రిపుల్ పాజిటివ్ అయిన 120 మందిలో కొందరికి రివరోక్సాబాన్, కొందరికి పాత వార్ఫరిన్ ఇచ్చారు. ప్రమాదాలు పెరగడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2018లో వచ్చిన ఫలితాల్లో గడ్డ, తీవ్ర రక్తస్రావం, రక్తనాళాల కారణంగా మరణం, వీటిలో ఏదో ఒకటి జరిగినవారు రివరోక్సాబాన్ వైపు 19 శాతం, వార్ఫరిన్ వైపు 3 శాతం. రివరోక్సాబాన్ వాడినవారిలో నలుగురికి పక్షవాతం, ముగ్గురికి గుండెపోటు వచ్చాయి. వార్ఫరిన్ వాడినవారిలో ఒక్కరికి కూడా గడ్డ రాలేదు.

2019లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ ఏపీఎస్ ఉన్నవారికి, ముఖ్యంగా ట్రిపుల్ పాజిటివ్‌లకి, ఈ కొత్త తరగతి మాత్రలు వద్దని హెచ్చరించింది. ఎందుకు కట్టింది అన్న ప్రశ్న ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి నాకు ఇంతకంటే బలమైన సాక్ష్యం కనపడదు. కారణం వెతకకుండా అందరికీ ఇచ్చే మంచి మందే వీళ్లకి సరిపోని మందు అవుతోంది.

వార్ఫరిన్‌తో బతకడం తేలిక కాదు. రక్తం ఎంత పలుచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అనే కొలత 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకోవాలి. ఆకుకూరలు మానేయక్కర్లేదు గానీ, ఒక వారం విపరీతంగా తిని మరో వారం ముట్టకుండా ఉండటం కుదరదు. వాటిలోని విటమిన్ కె మందు పనిని తారుమారు చేస్తుంది. కొత్తగా ఏ మందు మొదలుపెట్టినా, చివరికి యాంటీబయాటిక్ అయినా, ఐఎన్ఆర్ మళ్లీ చూడాలి. రక్తాన్ని ఇంకా పలుచన చేస్తే ఇంకా రక్షణ అనుకునేవారు ఒకప్పుడు. 2003లో వచ్చిన కెనడా అధ్యయనంలో ఐఎన్ఆర్ 3 దాటించినవారిలో 10.7 శాతం మందికి, 2–3 మధ్య ఉంచినవారిలో 3.4 శాతం మందికి మళ్లీ గడ్డ వచ్చింది. ఎక్కువ మోతాదు వల్ల లాభం కనపడలేదు. ధమనుల్లో గడ్డ వచ్చినవారికి వార్ఫరిన్‌తో పాటు తక్కువ మోతాదు ఆస్పిరిన్ కలపాలా, ఐఎన్ఆర్ కాస్త పెంచాలా అనేది మాత్రం నిపుణుల మధ్య ఇంకా చర్చలోనే ఉంది. లూపస్ కూడా ఉంటే హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు, గడ్డల విషయంలో కూడా అది కొంత మేలు చేస్తుందన్న సూచనలు ఉన్నాయి.

గర్భం విషయంలో ఈ జబ్బు ఎంత క్రూరమో, సరిగ్గా గుర్తిస్తే అంత మేలు చేయగల చోటు కూడా అదే. మాయలో రక్తప్రసరణ దెబ్బతిని బిడ్డ నిలవదు. ఒకటి, రెండు, మూడు గర్భాలు పోయాక కూడా తల్లి తన తప్పేదో ఉందని కుమిలిపోతుంటుంది. కారణం ఆమె రక్తంలోని యాంటీబాడీ కావచ్చు. 1997లో బ్రిటన్‌లో పదే పదే గర్భస్రావమై ఈ యాంటీబాడీలు ఉన్న 90 మంది మీద ఒక అధ్యయనం జరిగింది. ఆస్పిరిన్ ఒక్కటే వాడినవారిలో 42 శాతం మంది, ఆస్పిరిన్‌తో పాటు రక్తాన్ని పలుచన చేసే హెపారిన్ ఇంజెక్షన్లు తీసుకున్నవారిలో 71 శాతం మంది బతికున్న బిడ్డని కన్నారు. ఇప్పటికీ చికిత్సకి పునాది ఈ జోడీయే. ఇక్కడ వార్ఫరిన్ పనికిరాదు. అది మాయ దాటి బిడ్డని చేరుతుంది, ముఖ్యంగా 6 నుంచి 12 వారాల మధ్య అంగవైకల్యాలు కలిగించవచ్చు. హెపారిన్ మాయ దాటదు. కాబట్టి వార్ఫరిన్ వాడుతున్నవారు గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్పు గురించి ప్లాన్ చేసుకోవాలి.

ప్లేట్‌లెట్లు తగ్గినా గడ్డలు

ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తస్రావం అవుతుందని అందరికీ తెలుసు. అవి తగ్గుతూ గడ్డలు వచ్చే జబ్బులు కొన్ని ఉన్నాయి. ఇక్కడ చెప్పబోయే వాటిలో ఏదో ఒక యాంటీబాడీ హస్తం ఉంది.

హెపారిన్ మొదలుపెట్టిన 5 నుంచి 10 రోజుల మధ్య ప్లేట్‌లెట్లు సగానికి పైగా పడిపోతే, హెపారిన్ వల్లే వచ్చే హెచ్ఐటీ అనే జబ్బుని అనుమానించాలి. హెపారిన్‌తో జతకట్టిన పీఎఫ్4 అనే ప్లేట్‌లెట్ ప్రోటీన్ మీద యాంటీబాడీ పుట్టి ప్లేట్‌లెట్లను రగిలిస్తుంది. గడ్డలను ఆపాల్సిన మందే గడ్డలు తెస్తుంది. వెంటనే హెపారిన్ పూర్తిగా ఆపి అర్గట్రోబాన్ లాంటి వేరే మందు ఇవ్వాలి. హెపారిన్ ఆపేసి ఊరుకుంటే సరిపోదు. 2021లో కొన్ని కోవిడ్ టీకాల తర్వాత చాలా అరుదుగా మెదడు సిరల్లో గడ్డలు వచ్చినప్పుడు, హెచ్ఐటీ మీద ఏళ్ల తరబడి పనిచేసిన జర్మనీ పరిశోధకులు వారాల్లోనే పీఎఫ్4 యాంటీబాడీని పట్టుకోగలిగారు. పాత జ్ఞానం కొత్త ఆపదలో ప్రాణాలు కాపాడింది.

టీటీపీ అనే జబ్బు ఇంకా వేగమైనది. ఆడమ్‌టీఎస్13 అనే ఎంజైమ్ రక్తంలోని ఒక పొడవాటి జిగురు ప్రోటీన్‌ని ముక్కలు చేస్తూ ఉంటుంది. యాంటీబాడీ ఆ ఎంజైమ్‌ని పనికిరాకుండా చేస్తే, ఆ పొడవాటి దారాలకు ప్లేట్‌లెట్లు అంటుకుని మెదడు, గుండె, కిడ్నీల్లోని సన్నని నాళాలన్నీ మూసుకుపోతాయి. చికిత్స లేకపోతే పదిమందిలో తొమ్మిదిమంది చనిపోయేవారు. రోగి ప్లాస్మాని తీసి కొత్త ప్లాస్మా ఎక్కించే పద్ధతి వచ్చాక మరణాలు 10–20 శాతానికి తగ్గాయి. ఎంజైమ్ 10 శాతం కంటే తక్కువ ఉంటే జబ్బు ఖాయం. ఆ రిపోర్టు రావడానికి రోజులు పట్టే చోట డాక్టర్లు మామూలు పరీక్షలతోనే ప్లాస్మిక్ స్కోరు వేసి చికిత్స మొదలుపెడతారు. ఒంటె జాతి జంతువుల్లో ఉండే బుల్లి యాంటీబాడీల ఆధారంగా తయారైన కాప్లాసిజుమాబ్ మందు ప్లేట్‌లెట్లు ఆ దారాలకు అంటుకోకుండా అడ్డుపడుతుంది. 2019లో అచ్చయిన ట్రయల్ ఫలితాల్లో దానివల్ల ప్లేట్‌లెట్లు త్వరగా కోలుకున్నాయి.

ఏపీఎస్‌లో కూడా ఒక ఉగ్రరూపం ఉంది. వారం లోపే మూడు లేదా అంతకంటే ఎక్కువ అవయవాల్లో గడ్డలు కడతాయి. 1992లో రోనాల్డ్ ఆషర్‌సన్ దీనికి కాటస్ట్రాఫిక్ ఏపీఎస్ అని పేరు పెట్టాడు. ఏపీఎస్ రోగుల్లో 1 శాతం లోపే దీని బారిన పడతారు గానీ, పడినవారిలో ఒకప్పుడు సగం మంది దాకా చనిపోయేవారు. హెపారిన్, స్టెరాయిడ్లు, ప్లాస్మా మార్పిడి లేదా ఇమ్యునోగ్లోబ్యులిన్, మూడూ కలిపి ఇచ్చాక బతికేవారి సంఖ్య పెరిగింది. చాలాసార్లు దీనికి ముందు ఏదో ఇన్ఫెక్షనో, ఆపరేషనో, వార్ఫరిన్ ఆపేయడమో ఉంటుంది.

ఆపరేషన్ అన్నాం కాబట్టి మొదటి రిపోర్టు దగ్గరికే వెళదాం. ఏపీఎస్ ఉన్న మనిషి ఏదో ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు ఏపీటీటీ 60 సెకన్లు చూసి, రక్తస్రావం అవుతుందన్న భయంతో గడ్డలను ఆపే ఇంజెక్షన్ ఇవ్వకపోతే అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఆ అంకె రక్తస్రావానికి గుర్తు కాదు. సెలైన్‌లో హెపారిన్ ఎక్కిస్తున్నప్పుడు మోతాదు సరిపోయిందో లేదో చూడటానికి కూడా వీళ్లలో ఏపీటీటీ పనికిరాదు, మొదటి నుంచీ అది పెరిగే ఉంటుంది కాబట్టి. దానికి బదులు యాంటీ-టెన్ఏ అనే పరీక్ష చేయాలి. వేలి చుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న మెషీన్లు కూడా కొందరు ఏపీఎస్ రోగుల్లో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అప్పుడు రక్షణ ఉందనుకుని మోతాదు తగ్గిస్తే గడ్డ వస్తుంది. మెషీన్ అంకెని చేతి నరం నుంచి తీసిన రక్తంతో ల్యాబ్‌లో చేసిన ఐఎన్ఆర్‌తో పోల్చి చూసుకోవాలి. రెండింటి మధ్య తేడా ఎక్కువగా ఉంటే ల్యాబ్ అంకెనే పట్టించుకోవాలి. దాని మీద కూడా అనుమానం ఉంటే పదో ఫ్యాక్టర్‌ని రంగు మార్పుతో కొలిచే పరీక్ష ఒకటి ఉంది. ఈ యాంటీబాడీలు దాన్ని తప్పుదారి పట్టించలేవు.